శిశుభాషా పరిశోధనకు దక్కిన గౌరవాలు – తెలుగు బాలసాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం: శిశుభాషా వికాసంపై జీవితకాలం కృషి చేసిన జీన్ బెర్కో గ్లీసన్‌కు లభించిన విద్వద్గౌరవాల స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖలో తెలుగు శిశుభాషపై జరిగిన పరిశోధన తెలుగు సాహిత్య విమర్శలోకి ఎందుకు ప్రవేశించలేదో చర్చిస్తుంది. బాలసాహిత్య విమర్శలో తరచుగా వాడే 'సరళమైన భాష' అన్న ప్రమాణానికి ఆధారం ఏమిటని ప్రశ్నించి, ఆ ఆధారాన్ని శిశుభాషా పరిశోధన ఏ మేరకు సమకూర్చగలదో తెలుగు ఉదాహరణలతో నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: శిశుభాష, బాలసాహిత్య విమర్శ, సన్మాన సంపుటి, బహువచన రూపాలు, జీన్ బెర్కో గ్లీసన్, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ.

1. ఉపోద్ఘాతం

తెలుగు లక్షణ గ్రంథాల పేర్లలో 'బాల' శబ్దానికి ఒక ప్రత్యేకార్థం స్థిరపడింది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలోని బాలుడు వ్యాకరణం నేర్వబోయే విద్యార్థి. బహుజనపల్లి సీతారామాచార్యుల ప్రౌఢవ్యాకరణాన్ని పక్కన ఉంచి చూస్తే ఈ అర్థం మరింత స్పష్టమవుతుంది. గిడుగు రామమూర్తి రచించిన బాలకవి శరణ్యంలోని బాలకవి కూడా రచనకు కొత్తగా పూనుకొన్నవాడే గాని వయసులో పసివాడు కాడు. ఈ రెండు గ్రంథాల దృక్పథాలు పరస్పర విరుద్ధమైనవి. ఒకటి గ్రాంథిక భాషకు కట్టిన కోట అయితే, రెండవది ఆ కోటను పడగొట్టడానికి సాగిన ఉద్యమంలో భాగం. అయినా రెండింటిలోనూ 'బాల' శబ్దం పుస్తకం ముందు కూర్చున్న అభ్యాసకుణ్ణే సూచిస్తుంది. పుస్తకం చేతికి రాకముందే, ఎవరూ పాఠం చెప్పకుండానే, అయిదేళ్లలోపు తెలుగు వ్యాకరణంలో అధిక భాగాన్ని వశపరచుకొనే శిశువు ఈ రెండు సంప్రదాయాలలోనూ చర్చనీయాంశం కాలేదు.

ఈ లోపం వ్యాకరణానికే పరిమితమై ఉంటే దానిని భాషాశాస్త్ర చరిత్రకు వదిలివేయవచ్చు. కాని బాలసాహిత్య విమర్శకు కూడా అది సంక్రమించింది. పిల్లల కోసం వెలువడిన కథను, గేయాన్ని అంచనా వేసేటప్పుడు విమర్శకులు నీతి, ఊహాశక్తి, లయ, భాష అనే నాలుగు అంశాలను సాధారణంగా పరిశీలిస్తారు. మొదటి మూడింటిపై విస్తృతమైన చర్చ సాగుతుంది. నాల్గవదాని విషయంలో మాత్రం 'పిల్లలకు అర్థమయ్యే సరళమైన భాష' అన్న ఒక్క వాక్యంతో విమర్శ ముగుస్తుంది. ఏ వయసు పిల్లలకు? ఏ రూపం సరళం? ఎవరు విని చెప్పారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకవలసిన చోటు శిశుభాషా పరిశోధన. ఆ రంగంలో ఎటువంటి కృషికి ఎటువంటి గౌరవం లభించిందో పరిశీలిస్తే, తెలుగు విమర్శ దేనిని గౌరవిస్తున్నదో, దేనిని విస్మరిస్తున్నదో కూడా తెలుస్తుంది.

2. లేని మాటతో ఉన్న వ్యాకరణాన్ని పట్టుకోవడం

జీన్ బెర్కో గ్లీసన్ 1931లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జన్మించారు. ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో ఆమె తొలి పట్టా చరిత్ర, సాహిత్యాలలో. ఆ తరువాతనే భాషాశాస్త్రంవైపు, మనోవిజ్ఞానశాస్త్రంవైపు మళ్లి, రోజర్ బ్రౌన్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1958లో డాక్టరేట్ పొందారు. మస్తిష్క పక్షవాతం వల్ల మాట స్పష్టంగా రాని తన అన్న చెప్పేది ఇంట్లో తనకే ఎప్పుడూ అర్థమయ్యేదని ఆమె చెప్పుకొన్నారు. ఇతరులు అస్పష్టమని వదిలివేసిన మాటలో క్రమాన్ని వినడం ఆమె పరిశోధనకు మూలమైన లక్షణం.

1958లో వెలువడిన ఆమె వ్యాసం ఒక చిన్న ఉపాయం మీద ఆధారపడింది. పిట్టను పోలిన ఒక వింత ప్రాణి బొమ్మను పిల్లలకు చూపి దాని పేరు 'వగ్' అని చెప్పారు. తరువాత అటువంటివి రెండు ఉన్న బొమ్మ చూపి, వాక్యాన్ని సగంలో ఆపి, పిల్లలను పూర్తి చేయమన్నారు. ఇంగ్లీషులో 'వగ్' అనే పదం లేదు. కనుక దాని బహువచనాన్ని పిల్లలు ఎక్కడా విని ఉండరు. అయినా నాలుగు నుంచి ఏడేళ్ల వయసు పిల్లలలో అత్యధికులు సరైన బహువచన రూపాన్ని చెప్పారు. పిల్లలు విన్న మాటలను చిలుకల్లా తిరిగి పలకడం లేదనీ, విన్నవాటినుంచి సూత్రాన్ని తామే నిర్మించుకొంటున్నారనీ ఈ ఫలితం తేల్చింది.

ఆ వ్యాసంలో అంతకన్న సూక్ష్మమైన మరొక ఫలితం ఉంది. 'గ్లాస్' అనే తెలిసిన పదానికి 91 శాతం పిల్లలు సరైన బహువచనం చెప్పగా, అదే ధ్వనితో ముగిసే 'టాస్' అనే కల్పిత పదానికి 36 శాతం మాత్రమే చెప్పగలిగారు. అంటే ఒక రూపాన్ని సరిగా పలకడం వేరు, ఆ రూపం వెనుక ఉన్న సూత్రాన్ని వశపరచుకోవడం వేరు. సమాసపదాల విషయంలోనూ ఆమె ఇటువంటి తేడానే గమనించారు. నల్లబల్లకు ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగినప్పుడు, నల్లగా ఉంటుంది గనుక అనడానికి బదులు దానిమీద రాస్తారు గనుక అనడం పిల్లల సమాధానాల తీరు. తెలుగు తరగతిలో విగ్రహవాక్యం అడిగే ఉపాధ్యాయులకు ఇది పరిచితమైన సమస్యే. శిశువు పదాన్ని ముందు వాడుకతో పట్టుకొంటాడు. విడదీసి చూడడం తరువాతి దశ.

ఆమె తరువాతి కృషిలో తెలుగు పాఠకుడికి అత్యంత సన్నిహితమైనది 1976లో సాండ్రా వైన్‌ట్రాబ్‌తో కలిసి ప్రకటించిన అధ్యయనం. పండుగనాడు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పిల్లలు ఏం పలుకుతారు, వెంట ఉన్న పెద్దలు ఏం పలికిస్తారు అన్నది అక్కడి విషయం. బహువచనాన్ని పనిగట్టుకొని నేర్పని తల్లిదండ్రులు, కృతజ్ఞతలు చెప్పడాన్ని మాత్రం పట్టుబట్టి చెప్పిస్తారు. పిల్లవాడికి ఆ మాట అర్థమయిందా లేదా అన్నది వారికి ముఖ్యం కాదు. సమయానికి పలికితే చాలు. 'అత్తకు నమస్కారం పెట్టు', 'తాతగారికి టాటా చెప్పు', 'అండీ అనాలి' అనే మాటలు వినిపించే ప్రతి తెలుగింటికీ ఈ పరిశీలన వర్తిస్తుంది. భాషలో కొంత భాగాన్ని శిశువు తానుగా నిర్మించుకొంటాడు, కొంత భాగాన్ని సమాజం పలికిస్తుంది అన్న విభజన ఇక్కడ ఏర్పడింది. బాలసాహిత్యాన్ని చదవడానికి ఈ విభజన ఎంత ఉపకరిస్తుందో ముందు చూడవచ్చు.

3. గౌరవాల స్వభావం

బోస్టన్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన గ్లీసన్, 1990 నుంచి 1993 వరకు అంతర్జాతీయ శిశుభాషాధ్యయన సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 2000లో లీస్ మెన్, నాన్ బెర్న్‌స్టీన్ రాట్నర్‌ల సంపాదకత్వంలో ఆమె గౌరవార్థం ఒక సంపుటి వెలువడింది. 2016లో వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కళాశాల ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2017లో అంతర్జాతీయ శిశుభాషాధ్యయన సంఘం రోజర్ బ్రౌన్ పురస్కారాన్ని అందజేసింది.

ఈ జాబితాను జీవితచరిత్ర కోసం కాక గౌరవాల స్వరూపం కోసం చదివితే కొన్ని విషయాలు తేలుతాయి. మొదటిది, 2000 నాటి సంపుటికి శీర్షికగా ఆమె పేరును కాక, మాటల ఉత్పత్తిని అధ్యయనం చేసే పద్ధతులు అన్న విషయాన్ని ఎంచుకొన్నారు. వ్యక్తిని గౌరవించడమంటే ఆమె పద్ధతిని ఇతరులు కొనసాగించి చూపడం అన్న భావన ఆ శీర్షికలో ఉంది. రెండవది, ఆమె అందుకొన్న పురస్కారం ఆమె గురువు పేరు మీద ఉంది. ఆడమ్, ఈవ్, సారా అనే మారుపేర్లు గల ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ల తరబడి నమోదు చేసి, 1973లో 'తొలి భాష' అనే గ్రంథం వెలువరించిన రోజర్ బ్రౌన్ గౌరవార్థం 1988లో ఫ్రాంక్ కెసెల్ సంపాదకత్వంలో ఒక సంపుటి వచ్చింది. దాని శీర్షికలో భాషా వికాసమూ, భాషాపరిశోధకుల వికాసమూ పక్కపక్కన ఉన్నాయి. శిశువు భాషలో ఎదిగినట్టే పరిశోధకులు గురువు పక్కన ఎదుగుతారన్న ధ్వని అందులో వినవచ్చు. మూడవది, అనేక భాషల శిశువులను పోల్చి చూసిన డాన్ స్లోబిన్‌కు 2009లో ఒక సంపుటి సమర్పించారు. దాని శీర్షిక కూడా ఆయన పరిశోధన విషయాన్నే చెబుతుంది.

తెలుగునాట సన్మాన సంస్కృతికి కొదవ లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వేదిక మీద శాలువా, పూలదండ, జ్ఞాపిక, సన్మానపత్రం అందుకోని ప్రసిద్ధ రచయిత అరుదు. సన్మాన సంచికల సంప్రదాయం కూడా బలమైనదే. వాటిలో శాశ్వతమైన పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయన్నది నిజం. ఒక పండితుడి షష్టిపూర్తి సంచికలో తప్ప మరెక్కడా దొరకని వ్యాసాలు తెలుగు పరిశోధకులకు అనుభవంలో ఉన్నవే. అయితే అటువంటి సంచికల నిర్మాణంలో సందేశాలు, అభినందన పద్యాలు, జ్ఞాపకాలు ముందు వరుసలో ఉంటాయి. సన్మానితుడి సిద్ధాంతాన్ని పరీక్షించిన వ్యాసం, విభేదించిన వ్యాసం తక్కువ. గౌరవానికి, విమర్శకు పొత్తు కుదరదన్న అభిప్రాయం దీనికి కారణం కావచ్చు. గ్లీసన్ ఉదాహరణ ఇందుకు భిన్నమైన మార్గాన్ని సూచిస్తుంది. ఆమె ఉపాయాన్ని ఇతర భాషల శిశువులపై ప్రయోగించి, దాని హద్దులను చూపిన ప్రతి అధ్యయనమూ ఆమెకు జరిగిన గౌరవమే. పరిశోధకుడికి అత్యున్నత గౌరవం అతని పనిని వాడుకోవడం.

4. ఉస్మానియాలో జరిగిన కృషి

ఈ దృష్టితో చూసినప్పుడు తెలుగులో శిశుభాషా పరిశోధన లేదన్న ఫిర్యాదు నిలవదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి ఆచార్యత్వంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖ ఏర్పడింది. ఆ విశ్వవిద్యాలయంలోనే సి. నిర్మల తెలుగు పిల్లలలో ప్రథమభాషా వికాసంపై పరిశోధన చేసి 1981లో సిద్ధాంతగ్రంథం సమర్పించారు. బి. లక్ష్మీబాయి, డి. వసంతల సంపాదకత్వంలో 1994లో భాషావికాసం, భాషాలోపాలపై భారతీయ భాషల దృక్కోణంనుంచి ఒక వ్యాససంపుటి వెలువడింది. 2000లో సిమ్లాలోని భారతీయ ఉన్నతాధ్యయన సంస్థ, శిశువుల తొలి ధ్వనులు, పదాల మీద లక్ష్మీబాయి రచించిన గ్రంథాన్ని ప్రచురించింది. అది ద్విభాషా దృష్టితో సాగిన అధ్యయనం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినిపించే హైదరాబాదు వంటి నగరంలో ఏకభాషా శిశువును ప్రమాణంగా తీసుకోవడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్నను అటువంటి కృషి మన ముందుంచుతుంది.

ఈ కృషి తెలుగు శాఖలకు ఎందుకు చేరలేదు? మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, ఈ గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. రెండవది, భాషాశాస్త్రం ఒక శాఖగా, సాహిత్యం మరొక శాఖగా విడిపోయిన తరువాత సిద్ధాంతగ్రంథాల పరీక్షకులు, సదస్సుల శ్రోతలు, పత్రికల పాఠకులు కూడా విడిపోయారు. మూడవది అంతకన్న లోతైనది. తెలుగు సాహిత్య శాఖలలో భాష అంటే ప్రధానంగా చారిత్రక వ్యాకరణం, మాండలికం, శాసనభాష. ఈ మూడింటిలోనూ పిల్లల గొంతుకు స్థానం లేదు.

నగరంలోని ఒక చిన్న పరిధిని తీసుకొని చూస్తే ఈ ఎడబాటు స్వరూపం బోధపడుతుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలోనే బాగ్ లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. నారాయణగూడను ఆనుకొన్న హిమాయత్‌నగర్‌లో, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు కావలసిన పారిభాషిక పదాలను, పాఠ్యగ్రంథాలను రూపొందించింది. అశోక్‌నగర్ వీధులలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, పుస్తకాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 'శిశు వికాసం, పెడగాజి' అనే విభాగానికి 30 మార్కులు ఉన్నాయి. దానికి సిద్ధమయ్యే అభ్యర్థికి పియాజే, వైగాట్‌స్కీ, చామ్‌స్కీల పేర్లు కంఠస్థం కావలసిందే. పరీక్ష కోరేది పేరుకు సిద్ధాంతాన్ని జతపరచడం. తాను రేపు పాఠం చెప్పబోయే పిల్లవాడు 'కాళ్లు' అనే రూపాన్ని ఎప్పుడు పట్టుకొంటాడన్న ప్రశ్న ఆ జతపరచడంలో రాదు. పేరు గుర్తుండి, పని మరుగున పడడం కూడా ఒక రకమైన సన్మానమే, ఖాళీ సన్మానం.

5. తెలుగు వ్యాకరణం ముందు కల్పిత పదం

గ్లీసన్ పద్ధతిని తెలుగుకు అన్వయిస్తే ఏమి జరుగుతుందో ఊహించడం ఉపయోగకరం. ఇంగ్లీషు బహువచనంలో పిల్లలు ఎదుర్కొనేది ప్రధానంగా ఒక ప్రత్యయానికి గల మూడు ఉచ్చారణలు. తెలుగులో ప్రత్యయం ఒక్కటే, 'లు'. కాని దాని ముందు ప్రకృతి పొందే మార్పులు అనేకం. ఆవు ఆవులవుతుంది. కాకి కాకులవుతుంది. గుర్రం గుర్రాలవుతుంది. చెట్టు చెట్లవుతుంది. పండు పళ్లవుతుంది. కాలు కాళ్లవుతుంది. కూతురు కూతుళ్లవుతుంది. పెళ్లి మాత్రం పెళ్లిళ్లవుతుంది. చెయ్యి చేతులు, గొయ్యి గోతులు అవుతుండగా పొయ్యి పొయ్యిలుగానే ఉంటుంది. బాలవ్యాకరణం ఆచ్ఛిక పరిచ్ఛేదంలో ఇటువంటి మార్పులను సూత్రాలుగా కూర్చింది.

ఇప్పుడు 'గిబ్బం' అనే కల్పిత పదాన్ని, 'దేడు' అనే మరొక పదాన్ని, 'దుయ్యి' అనే ఇంకొక పదాన్ని శిశువు ముందు ఉంచవచ్చు. గిబ్బాలు అంటాడా? దేడులు అంటాడా, దేళ్లు అంటాడా? దుయ్యిలు అంటాడా, దూతులు అంటాడా? మొదటి రూపం వస్తే మకారాంత పదాల సూత్రం జీవంతో ఉన్నట్టు. రెండవదానిలో 'దేళ్లు' వస్తే డకారం ళకారంగా మారే పద్ధతి కేవలం కంఠస్థమైన పదాల జాబితా కాదని తేలుతుంది. మూడవదానిలో 'దూతులు' రాకపోతే చేతులు, గోతులు అనే రూపాలు సూత్రంగా కాక విడి మాటలుగా మిగిలి ఉన్నాయని భావించవచ్చు. సూత్రాలన్నింటికీ వ్యాకరణ గ్రంథంలో సమాన ప్రతిపత్తి ఉంటుంది. వాటిలో ఏవి వక్తల మనసులో పనిచేసే సూత్రాలో, ఏవి చరిత్ర మిగిల్చిన అవశేషాలో వేరు చేయగల పరీక్ష ఇది. చిన్నయసూరి సూత్రాన్ని విమర్శించడానికి ఇంతవరకు ప్రయోగాల పట్టిక, శాసనాల ఆధారం వాడుకొన్న తెలుగు పరిశోధకుడికి ఇది మూడవ ఆధారం కాగలదు.

తెలుగుకు ప్రత్యేకమైన మరొక చిక్కు లింగవచనాల పొందిక. 'ఆమె వచ్చింది', 'కోడి వచ్చింది' అనే వాక్యాలలో క్రియ ఒక్కటే. బహువచనంలో 'వాళ్లు వచ్చారు', 'కోళ్లు వచ్చాయి' అని విడిపోతుంది. అంటే స్త్రీవాచకం ఏకవచనంలో మానవేతరాలతోనూ, బహువచనంలో పురుషులతోనూ చేరుతుంది. 'మనం', 'మేము' అనే భేదం, 'నువ్వు', 'మీరు' అనే గౌరవభేదం దీనికి తోడవుతాయి. వీటిలో లింగవచనాల పొందికను శిశువు తానుగా నిర్మించుకోవాలి. 'మీరు' అన్న గౌరవరూపాన్ని ఇంట్లో పెద్దలు పలికిస్తారు. గ్లీసన్ చూపిన రెండు మార్గాలూ ఒకే క్రియారూపంలో కలుసుకొనే భాష తెలుగు. 'తాతగారు వచ్చింది' అన్న పిల్లవాడి వాక్యాన్ని ఊహించుకొంటే, దానిని పెద్దలు దిద్దేది గౌరవభంగమని. పరిశోధకుడు వినేది సూత్రనిర్మాణంలో ఒక దశగా.

ప్రత్యయాలు అధికంగా ఉన్న భాష శిశువుకు కష్టమన్న సామాన్య అభిప్రాయం కూడా పరీక్షకు నిలవలేదు. టర్కిష్ భాషపై 1985లో అక్సు-కోచ్, స్లోబిన్‌లు, తమిళంపై 1989లో రాఘవేంద్ర, లెనార్డ్‌లు ప్రకటించిన అధ్యయనాలు, ప్రత్యయాలు స్పష్టంగా, క్రమబద్ధంగా అతుక్కొనే భాషలలో పిల్లలు వాటిని చాలా ముందుగానే, తక్కువ పొరపాట్లతో వశపరచుకొంటారని చూపాయి. విభక్తి ప్రత్యయాలను తగ్గించి, పొడి పొడి వాక్యాలు రాస్తే పిల్లలకు సులభమని భావించే రచయితలు, సంపాదకులు ఈ ఫలితాన్ని గమనించవలసి ఉంది. ఇంగ్లీషు పిల్లల పుస్తకాల కొలతతో తెలుగు వాక్యాన్ని కత్తిరించడానికి శాస్త్రీయ సమర్థన లేదు.

6. బాలసాహిత్య పఠనానికి అన్వయం

తెలుగు బాలసాహిత్యంలో మాట్లాడే జంతువులకు ప్రముఖ స్థానం ఉంది. అక్కడ ప్రతి రచయితా, ప్రతి అనువాదకుడూ తెలియకుండానే ఒక వ్యాకరణ నిర్ణయం చేస్తాడు. 'నక్క అన్నది' అని రాస్తే జంతువు జంతువుగానే ఉంటుంది. 'నక్కబావ అన్నాడు' అంటే బంధువాచకం దానిని మనిషిని చేస్తుంది. బహువచనంలో 'నక్కలు అన్నాయి' అనాలా, 'అన్నారు' అనాలా అన్న సందిగ్ధం తప్పదు. ఆ కథను విన్న పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పేటప్పుడు ఏ రూపం ఎంచుకొంటాడో నమోదు చేస్తే, మానవీకరణ అనే సాహిత్య ప్రక్రియను శిశువు ఎంతవరకు స్వీకరించాడో వ్యాకరణ సాక్ష్యంతోనే తెలుస్తుంది. 'జంతుపాత్రల ద్వారా నీతిని బోధించారు' అనే వాక్యం చేయలేని పని ఇది.

ప్రేరణార్థక క్రియలు మరొక ఉదాహరణ. 2003లో జెఫ్రీ లిడ్జ్, హెన్రీ గ్లైట్‌మన్, లైలా గ్లైట్‌మన్‌లు కన్నడం మాట్లాడే మూడేళ్ల పిల్లలపై చేసిన అధ్యయనాన్ని ప్రకటించారు. కన్నడంలో ప్రేరణార్థక ప్రత్యయం స్పష్టంగా వినిపిస్తుంది. అయినా కొత్త క్రియ అర్థాన్ని ఊహించడంలో పిల్లలు ఆ ప్రత్యయం కన్నా, వాక్యంలో ఎన్ని నామపదాలు ఉన్నాయన్నదానిపైనే ఆధారపడ్డారు. భాషార్జనపై కృషికి 2017లో రూమెల్‌హార్ట్ బహుమతి పొందిన లైలా గ్లైట్‌మన్ సిద్ధాంతానికి ఒక ద్రావిడ భాష ఇలా సాక్ష్యమైంది. తెలుగులో తిను–తినిపించు, ఏడుచు–ఏడిపించు జంటలు ఇటువంటివే. అయితే తెలుగు వాక్యంలో కర్త, కర్మ తరచుగా లోపిస్తాయి. 'తినిపించింది' అన్న ఒక్క మాటే పూర్తి వాక్యం. నామపదాలు లేనిచోట పసిపిల్లవాడు దేనిని ఆధారం చేసుకొంటాడు? కథలో వాక్యం కుదించడం ఎప్పుడు సౌలభ్యం, ఎప్పుడు భారం అన్న శైలీప్రశ్న ఈ పరిశోధన ప్రశ్నతో ముడిపడి ఉంది.

పెద్దలు పసివారితో వాడే బువ్వ, లాల, జేజ, బజ్జో, అప్పచ్చి, బూచి వంటి మాటలను కూడా ఇక్కడ చేర్చవలసి ఉంది. 1964లో ఛార్లెస్ ఫెర్గూసన్ ఆరు భాషలలోని ఇటువంటి పదాలను పోల్చి, సంయుక్తాక్షరాలు విడిపోవడం, ధ్వనులు పునరుక్తం కావడం వంటి సామాన్య లక్షణాలను గుర్తించారు. ఆ ఆరింటిలో మరాఠీ ఉంది. తెలుగు మాటలను గమనిస్తే ద్విత్వాక్షరాల పట్ల మొగ్గు స్పష్టంగా కనిపిస్తుంది. ముఖ్యమైన విషయమేమంటే ఇవి శిశువు సృష్టించినవి కావు. పెద్దలు తరతరాలుగా అందిస్తున్న సంప్రదాయ పదజాలం. లాలిపాటలలో, ఆటపాటలలో ఈ పదాలు కనబడగానే 'శిశువు భాషలోకి దిగి రాశారు' అని ప్రశంసించే విమర్శ, పెద్దల భాషను శిశువు భాషగా పొరబడుతున్నది.

ఇదే భేదాన్ని రేడియో చరిత్రకు కూడా అన్వయించవచ్చు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు మద్రాసులోనూ తరువాత హైదరాబాదులోనూ పిల్లల గొంతులకు వేదిక కల్పించారు. 1945లో 'బాల' పత్రికను ప్రారంభించారు. వారి సేవను తెలుగు సమాజం ప్రేమతో గుర్తుంచుకొంది. బంధువాచకమే వారికి బిరుదు కావడం ఆ ప్రేమకు నిదర్శనం. అయితే పిల్లలు పలికేందుకు పెద్దలు రాసిన మాట ఒక ప్రక్రియ, పిల్లలు తాముగా పలికిన మాట మరొక ప్రక్రియ. మొదటిది గ్లీసన్ చెప్పిన 'పలికించే' మార్గానికి కళారూపం. రెండవదాన్ని వినిపించే రచన ఎక్కడ ఉందో వెదకడం చరిత్రకారుడి బాధ్యత. ఆ వెదుకులాటకు మొదటిదానిపై గల గౌరవం అడ్డు కానవసరం లేదు.

7. అభ్యంతరాలు, పరిమితులు

ఈ ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. సాహిత్యానందాన్ని ప్రయోగశాలలో కొలవలేమన్నది మొదటిది. పిల్లలు అర్థం తెలియని మాటలనే ఎక్కువగా ఇష్టపడతారు. ఆటపాటల్లో నిరర్థక పదాలు అందుకే బతికి ఉన్నాయి. కనుక అర్థమయ్యే రూపం ఏదో తేల్చినంతమాత్రాన మంచి గేయం ఏదో తేలదు. ఈ వాదన సరైనదే. కాని అది 'సరళమైన భాష' అన్న ప్రమాణాన్ని సమర్థించదు, మరింత బలహీనపరుస్తుంది. శిశువుకు తెలిసినదేదో ఆధారాలతో తెలిసినప్పుడే, రచయిత దానిని దాటి ఎక్కడికి తీసుకువెళ్లాడో విమర్శకుడు చెప్పగలడు. గ్లీసన్ స్వయంగా నిరర్థక పదంతోనే వ్యాకరణాన్ని పట్టుకొన్నారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

రెండవ అభ్యంతరం బలమైనది. ఈ గౌరవాలన్నీ పాశ్చాత్య సంస్థలు తమ భాషలపై జరిగిన పరిశోధనకు ఇచ్చుకొన్నవే కదా? స్లోబిన్ సంపాదకత్వంలో 1985 నుంచి 1997 వరకు వెలువడిన అయిదు సంపుటాల భాషల వరుసలో టర్కిష్, హంగేరియన్, జపనీస్ ఉన్నాయి. కొన్ని వేలమంది మాట్లాడే భాషలు కూడా ఉన్నాయి. ద్రావిడ భాష ఒక్కటీ లేదు. కోట్లమంది మాట్లాడే తెలుగు అక్కడ లేకపోవడం ఆ సంపుటాల లోపం. అదే సమయంలో అది తెలుగు విద్యాలోకం లోపం కూడా. 1981 నాటికే హైదరాబాదులో సిద్ధాంతగ్రంథం సిద్ధంగా ఉంది. సొంత విశ్వవిద్యాలయంలోని సాహిత్యశాఖ చదవని గ్రంథాన్ని దూరదేశపు సంపాదకుడు చదవలేదని నిందించడం న్యాయం కాదు. బయటి గౌరవం లేకపోవడం కన్నా ఇంటి పఠనం లేకపోవడం పెద్ద నష్టం.

8. ముగింపు

గ్లీసన్ అందుకొన్న గౌరవాలు ఒక పద్ధతి ఎంతమంది చేతుల్లో కొనసాగిందో చెబుతాయి. ఆ కొలతతో చూసినప్పుడు నిర్మల, లక్ష్మీబాయి, వసంతల కృషికి తెలుగు శాఖలు చెల్లించవలసిన గౌరవం శాలువా కాదు, పఠనం. అందుకు మూడు పనులు ఆవశ్యకం. శిశుభాషపై ఉస్మానియాలో వెలువడిన గ్రంథాల సారాన్ని తెలుగులో అందుబాటులోకి తేవడం మొదటిది. బాలసాహిత్యంపై పరిశోధనకు పూనుకొనే విద్యార్థికి భాషాశాస్త్ర శాఖనుంచి సహపర్యవేక్షకుడిని ఏర్పాటు చేయడం రెండవది. బాలసాహిత్య సిద్ధాంతగ్రంథాలలో 'సరళమైన భాష' అని రాసిన ప్రతిచోటా ఏ వయసు, ఏ ప్రాంతం, ఏ ఇంటి భాష గల పిల్లలు విన్నారో, విని ఏమి తిరిగి చెప్పారో నమోదు చేయాలని పరీక్షకులు కోరడం మూడవది.

మూడవ పనికి నిధులు, పరికరాలు అక్కరలేదు. ఒక కథ, పదిమంది పిల్లలు, వారి మాటను దిద్దకుండా రాసుకొనే ఓపిక ఉంటే చాలు. అటువంటి నమోదులు కొన్నేళ్లపాటు పోగుపడితే 'బాల' శబ్దానికి తెలుగు విద్యాలోకంలో ఇంతవరకు లేని అర్థం ఏర్పడుతుంది. అప్పుడు 'బాలసాహిత్యం' అన్న సమాసానికి విగ్రహవాక్యం చెప్పేటప్పుడు బాలుర కొరకైన సాహిత్యం అనడంతోపాటు, బాలుర నోట విన్నదానితో పరీక్షించిన సాహిత్యం అని కూడా చెప్పవచ్చు.